అట్లకాడ, క్రేపు ముక్క

మొన్న ఆదివారం మా మనవరాలు చిరిగిన సోషల్ పుస్తకానికి సెల్లోటేపు అంటిస్తుంటే నేను పెట్టిన కేకకి పక్కింటావిడ చేతిలో గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. ఇంట్లోకి పాము దూరిందనుకుందట. మా కోడలు వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కాస్త గట్టిగానే సర్దింది. పిల్ల బిక్కమొహం వేసుకుని, "టేపే కదా నానమ్మా" అంది.

టేపే కదా! ఆ మాట మా లైబ్రేరియన్ గారి చెవిన పడి ఉంటే దాన్ని కూర్చోబెట్టి పొద్దు వాలేదాకా వదిలేవాడు కాదు.

ఆ కేక నాకు పుట్టుకతో వచ్చింది కాదు. అరవైల చివర్లో, విజయనగరంలో నేను పనిచేసిన గ్రంథాలయంలో నేర్చుకున్నాను. నేర్పినాయన అక్కడ లైబ్రేరియన్. పోయి చాలా ఏళ్ళయింది. ఆయన పేరు మాత్రం ఇక్కడ రాయను. తాను టేపు వేసి పాడుచేసిన కాగితాల తాలూకు మనుషులు ఎప్పుడో ఒకనాడు వెతుక్కుంటూ వచ్చి నిలదీస్తారని ఆయనకి బతికినన్నాళ్ళూ భయమే. పోయాడు గదా అని ఆ భయాన్ని నేను తీసిపారేయలేను.

నాది గోదావరి వైపు. మా ఆయనకి విజయనగరం కాలేజీలో ఉద్యోగమైతే వెంట వెళ్ళి, అసిస్టెంట్ లైబ్రేరియన్‌గా చేరాను. చేరిన రోజున లైబ్రేరియన్ గారెక్కడ అని అడిగితే అటెండరు వెనక గది చూపించాడు. వెళ్ళి చూస్తే కిటికీ పక్కన పీట మీద ఒక బక్కపలచటి మనిషి. ముందు బొగ్గుల కుంపటి, కుంపట్లో అట్లకాడ. లైబ్రరీలో అట్లు పోసుకుంటున్నాడేమిటీయన అనుకున్నాను. గదిలో ఏదో మాడుతున్న వాసన కూడా ఉంది.

ఆయన తల ఎత్తకుండానే, "ఎవులమ్మా? తలుపేసీ తల్లీ. గాలేస్తే నిప్పు రేగుతాది" అన్నాడు.

"పుస్తకాల మధ్య నిప్పేమిటండీ?" అన్నాను. కొత్తగా చేరినదాన్నని కూడా చూసుకోలేదు. నా నోరు అప్పటికీ ఇంతే.

"నిప్పు మంచిదేనమ్మా, నీళ్ళోస్తే ఆరిపోద్ది. ఇది సూడు" అని ఒళ్ళోని పుస్తకం నా వైపు తిప్పాడు. పేజీకి అడ్డంగా బెల్లంపాకం ఒలికి గట్టిపడ్డట్టు ఒక పట్టీ. దాని కింద అక్షరాలు మసకమసగ్గా ఉన్నాయి. "టేపు. నానే అంటించినాను. ఇదొక్కటి కాదు, సగం బీరువాలు ఇలగే ఉన్నాయి."

మొదటి పరిచయంలోనే తన తప్పు చెప్పుకున్న పై అధికారిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

జరిగింది ఇదీ. నేను రావడానికి పదీ పన్నెండేళ్ళ ముందు, రైల్వేలో గార్డుగా చేసే ఆయన స్నేహితుడొకడు కలకత్తా నుంచి ఒక వింత వస్తువు తెచ్చి ఇచ్చాడు. గాజులా మెరిసే పట్టీ. చిరిగిన చోట పెట్టి గోటితో రుద్దితే చినుగు కనబడదు. జిగురు ఉడకబెట్టక్కర్లేదు, ఆరబెట్టక్కర్లేదు. ఆయన సంబరం అంతా ఇంతా కాదట. కౌంటరు దగ్గర నిలబడి ఒక కాగితాన్ని చింపి, అంటించి, వచ్చిన పాఠకులందరికీ "సినుగెక్కడుందో సెప్పండి" అని చూపించేవాడట. ఆ తర్వాత స్నేహితుడు కలకత్తా వెళ్ళినప్పుడల్లా చుట్టలకి చుట్టలు తెప్పించి, చిరిగిన ప్రతి పుస్తకానికీ వేశాడు. జనం ఎక్కువగా చదివిన పుస్తకాలే ఎక్కువ చిరుగుతాయి గనుక, వాటికే ఎక్కువ టేపు పడింది.

కొన్నేళ్ళు బాగానే ఉంది. తర్వాత పట్టీ పసుపు రంగుకి తిరిగింది. జిగురు కరిగి అంచుల్లోంచి కారి, పక్క పేజీని పట్టుకుంది. ఆపైన గట్టిపడి, ఎర్రగా మారి, కొన్నిచోట్ల పై పొర తనంతట తానే రాలిపోయి జిగురు మరక మిగిలింది. అటక మీద పడేసి ఎవరూ ముట్టని పుస్తకాలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. జనం ప్రేమించినవే పాడయ్యాయి. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గిపోయేది.

అప్పటినుంచీ ఆయనకి వేరే లోకం లేదు. అట్లకాడ వాళ్ళావిడది. కమ్మరి దగ్గర దాని అంచుని బ్లేడులా పల్చగా సాగగొట్టించాడు. దాన్ని వేడిచేసి, ముందు తన మణికట్టు మీద పెట్టి చూసుకుని, తర్వాత టేపు కింద అంగుళంలో పాతికో వంతు చొప్పున జరిపేవాడు. వేడికి జిగురు మెత్తబడి పై పొర లేస్తుంది. మిగిలిన జిగురుని క్రేపు రబ్బరు ముక్కతో రుద్ది తీసేవాడు. అప్పట్లో క్రేపు సోలు జోళ్ళు కుర్రకారు ఫ్యాషను. ఆ సోలు ముక్కతో రుద్దితే జిగురు ఉండలు ఉండలుగా చుట్టుకుని లేచి వస్తుందని ఎలా కనిపెట్టాడో గాని, చెప్పులు కుట్టేవాడి దగ్గర కోతముక్కలు అడిగి తెచ్చుకుని చొక్కా జేబులో వేసుకునేవాడు. ఊళ్ళో ఎవరు ఎదురైనా ముందు వాళ్ళ కాళ్ళవైపు చూసేవాడు. ఒకసారి ఒక లెక్చరర్ గారి జోడు మడమ దగ్గర చిన్న ముక్క కోసి ఉందని లైబ్రరీ గుమ్మంలో గొడవయింది. మా లైబ్రేరియన్ గారు అలాంటివారు కాదని నేనే వాదించాను. ఇప్పటికీ నాకు అనుమానమే.

క్రేపుకి కూడా లొంగని మరకకి పెట్రోలు. దూది తడిపి అద్దడం, కింద అద్దుడు కాగితం పెట్టి పీల్పించడం. కుంపటి ఆర్పిన తర్వాతే ఆ సీసా బయటికి రావాలని నేను పట్టుబట్టాను. ఆ ఒక్క విషయంలో నా మాట విన్నాడు. చివర్న ఇంకా అంటుకునే గుణం ఉంటే పైన ముఖానికి రాసుకునే పౌడరు జల్లి, గట్టిగా తుమ్మేవాడు. ఆ తుమ్ము రీడింగ్ రూములో వినబడితే, పేపరు చదివే ముసలాళ్ళు "ఒక పేజీ బయటపడ్డాది" అనుకునేవారు.

ఆయన పనిచేస్తుంటే మిగతా లైబ్రరీ అంతా నా నెత్తిమీద పడింది. పుస్తకాలు ఇవ్వడం, తీసుకోవడం, కేటలాగు రాయడం, పిల్లల్ని తరమడం అన్నీ నేనే. నెలకోసారైనా నాకు ఒళ్ళు మండి వెనక గదిలోకి వెళ్ళి దులిపేసేదాన్ని. ఆయన అంతా విని, "నిజమేనమ్మా" అని, అదే చేత్తో అదే పేజీ మీదికి వంగేవాడు. తిట్టిన సుఖం కూడా దక్కనిచ్చేవాడు కాదు.

వాళ్ళావిడ బాధ వేరు. ఒకసారి సత్యనారాయణ వ్రతానికి పిలిచి, నాకు ప్రసాదం పెడుతూ, "మా ఇంట అట్టు తిని ఎన్నాళ్ళైందో అడుగమ్మా ఆయన్ని. కొత్త అట్లకాడ కొంటే అదీ పట్టుకుపోనారు. పల్సగుందట!" అంది. ఆయన పక్కనే కూర్చుని ప్రసాదం తింటూ నవ్వాడు. నవ్వినప్పుడు కూడా ఆయన బొటనవేలూ చూపుడువేలూ ఒకదానితో ఒకటి రాసుకుంటూనే ఉన్నాయి. అది ఆయనకి అలవాటు. వేళ్ళకి ఎప్పుడూ జిగురు అంటుకుని ఉన్నట్టే, ఎంత రుద్దినా పోనట్టే రుద్దుకునేవాడు. నిద్రలో కూడా అంతేనట.

ఇంకో గొడవ ఉంది. టేపు కొత్తగా వచ్చిన రోజుల్లో ఊళ్ళో సగం మంది తమ జాతకాలూ సర్టిఫికెట్లూ పెళ్ళి శుభలేఖలూ తెచ్చి ఆయన చేత అంటింపజేసుకున్నారు. అన్నిటికీ సంతోషంగా వేసి ఇచ్చాడు. ఇప్పుడు ఆదివారం వస్తే గొడుగు పట్టుకుని ఆ ఇళ్ళకి బయల్దేరేవాడు. గుమ్మంలో అడుగుపెట్టి, మంచినీళ్ళు తాగకముందే, "మీ పెద్దోడి జాతకం ఎలగున్నాది?" అని అడిగేవాడు. పాపం వాళ్ళు పెళ్ళి సంబంధం తెచ్చాడేమో అనుకుని కాఫీ పెట్టేవారు. ఆయన జాతకం తెరిచి, గ్రహాలు చూడకుండా, అంచులు వాసన చూసేవాడు. ఒకరిద్దరు నవ్వారు, ఒకరు విసుక్కుని పంపేశారు, చాలామంది ఇచ్చారు. ఇచ్చినవాళ్ళ కాగితాలు ఒళ్ళో పసిపిల్లల్ని పెట్టుకున్నట్టు పెట్టుకుని రిక్షాలో తెచ్చేవాడు.

"అంత పట్టింపు ఎందుకండీ? అప్పుడు మీకు తెలీదు గదా" అన్నాను ఒకనాడు.

"నాకు తెలీకపోతే వాళ్ళకి లాబమేటమ్మా?" అన్నాడు. "కోపంతో సింపితే సినిగినకాడే సినుగుతాది. నాను ముద్దుగా అంటించినాను. ఇది ఊరంతా పాకిపోనాది."

అలాంటి రోజుల్లో ఒకావిడ వచ్చింది.

చీపురుపల్లి నుంచి పాసింజరులో దిగి, స్టేషన్ నుంచి నడుచుకుంటూ వచ్చింది. అరవై దాటిన మనిషి, పొడగరి, ముక్కుకి రెండు వైపులా పుడకలు, భుజాన సంచిలో తేగల కట్ట. నేరుగా నా కౌంటరు దగ్గరికి వచ్చి, "నాను రాసిన కత మీకాడ ఉన్నాదంట. సూపిస్తావేటమ్మా?" అంది. నేను ఆవిడ మొహం చూశాను. పొలం పనుల్లో ఎండకి నల్లబడ్డ చేతులూ, ఆ పుడకలూ చూసి, ఇంకెక్కడికో వెళ్ళబోయి ఇక్కడికి వచ్చిందనుకున్నాను. పత్రిక పేరు చెప్పింది. మా ఊళ్ళోనే అచ్చయి, కొన్నాళ్ళు నడిచి ఆగిపోయిన ఆడవాళ్ళ మాసపత్రిక అది. దాని సంచికలన్నీ కలిపి కుట్టిన సంపుటం ఒక్కటే మిగిలింది. అది మా దగ్గరే ఉంది.

ఆ పేరు వినగానే వెనక గదిలోంచి ఆయన లేచి వచ్చాడు. కథ పేరు ఆవిడ చెప్పకముందే ఆయనే చెప్పాడు. బండి దిగి వచ్చేసిన పిల్ల కథ గదా అన్నాడు.

ఆవిడ కౌంటరు పట్టుకుని నిలబడిపోయింది. "నువ్వు సదివినావా తమ్ముడా?"

"సానాసార్లు అప్పా." అక్కడ అక్కని అప్ప అంటారు. చూసిన నిమిషంలోనే ఆవిడ ఆయనకి అప్ప అయిపోయింది.

తర్వాత తేగలు తింటూ ఆవిడ తన సంగతి చెప్పింది, నవ్వుతూనే. చిన్నప్పుడు విజయనగరంలో మేనమామ ఇంట ఉండి చదువుకుంది. పదమూడో పద్నాలుగో ఏట కథ రాసి మేనమామ చేతికిచ్చింది. "అచ్చయ్యేసరికి నన్ను పాతపట్నం అత్తోరింటికి పంపీసినారు. మా మేనమావ పత్రికని అక్కడికి పంపినాడు. నాను నీళ్ళకెళ్ళి వచ్చీసరికి మా అత్త దాన్ని సింపి కారం పొట్లాలు కట్టీసినాది. ఆవిడకి తెలీదు పాపం. ఒక పొట్లం మీద నా పేరు కనబడ్డాది. ఆ పొట్లం మా ఆడపడుసు పట్టుకుపోనాది."

"అయ్యో" అన్నాను నేను.

"కారం బాగున్నాదని మళ్ళీ కబురెట్టినాది" అని ఆవిడ పకపకా నవ్వింది. మళ్ళీ ఏమీ రాయలేదట. పెనిమిటి పోయాక చీపురుపల్లిలో తమ్ముడి దగ్గర ఉంటోంది. ఇప్పుడు కళ్ళకి నీరుకాసులు. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోది ఉన్నన్నాళ్ళే ఉంటుందని డాక్టరు చెప్పాడు. బొట్టుపెట్టె అంత మేర మాత్రమే కనిపిస్తోందనీ, పక్కనున్నది కనిపించడం లేదనీ చెప్పింది. "ఇది కూడా పోయేలోపు నా కతని అచ్చులో సూసుకోవాల. అదొక్కటే నాకు ఆశ."

నేను చదివి వినిపిస్తానన్నాను. "వద్దమ్మా. నా కత నాకు తెలీదేటి? నా కళ్ళతో సూడాల" అంది.

ఆయన సంపుటం తెచ్చి తెరిచాడు. పత్రిక పేరు వినగానే ఆయన మొహం ఎందుకు పాలిపోయిందో నాకు అప్పుడు అర్థమైంది. ఆ కథ పేజీలన్నిటి మీదా టేపు. చివరి పేజీ అయితే ఎదుటి పేజీలోని తలనూనె ప్రకటనకి అతుక్కుపోయి అసలు తెరుచుకోలేదు. లైబ్రరీ మొత్తంలో ఆయన ఇంత టేపు వేసిన చోటు మరొకటి లేదు.

"అప్పా, ఇది నా పనే" అన్నాడు. "ఊళ్ళో ఆడోళ్ళందరూ ఈ కత సదివీవోరు. సేతులు మారి మారి పేజీలు సినిగిపోనాయి. అందుకే అంటించినాను."

ఆవిడ ఆ టేపు సంగతి పట్టించుకోలేదు. "ఎవులు సదివినారు?" అంది.

"ఒకరా ఇద్దరా? మా అమ్మ సదివించుకుని ఏడ్సినాది. సదవకుండా ఇంత సినిగిపోద్దేటి అప్పా?"

ఆవిడ ఆ చిరుగుల్ని ఒక్కొక్కటే వేలితో తడిమింది. నవ్వు ఆగిపోయింది. నేను కౌంటరు దగ్గరికి వెళ్ళిపోయాను.

ఇక ఆ కథే ఆయనకి లోకమైంది. తొందరపడితే పేజీ పోతుంది, ఆలస్యమైతే ఆవిడ కన్ను పోతుంది. ముందు పనికిరాని పుస్తకాల మీద చెయ్యి తిప్పుకున్నాడు. తర్వాత మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. ఆవిడ నెలకోసారి పాసింజరు దిగి వచ్చి, "ఏటి తమ్ముడా, నా కతకి మోచ్చం వచ్చినాదా నేదా?" అనేది. "వస్తాదప్పా, కొద్దిగ ఓపిక పట్టు" అనేవాడు. వచ్చినప్పుడల్లా కిటికీ దగ్గర నిలబడి తన కంటిని పరీక్షించుకునేది. కిటికీలోంచి ఎదురింటి గేటు కనబడుతోందా అని చూసేది. మొదట గేటు రెండు రెక్కలూ కనబడేవి. తర్వాత ఒక రెక్క. ఆ తర్వాత గేటు మాటెత్తడం మానేసింది.

ఆయన అడగకపోయినా గమనించాడు. ఆదివారాల జాతకాల యాత్ర ఆపేశాడు. అన్నం క్యారియర్ తెరవకుండానే తిరిగి ఇంటికి వెళ్ళేది. నేను తిట్టడం మానేశాను. సంపుటం బరువుకి పేజీ లాగకుండా ఒక పక్క పట్టుకుని కూర్చునేదాన్ని. ఆయనకి సాయం చేస్తున్నానని కాదు, నాకు కూడా ఆ కథ చదవాలనిపించింది. పేజీ పేజీగా బయటపడుతుంటే చదివాను. అత్తారింటికి పంపుతున్న పిల్ల ఏటి గట్టు దగ్గర బండి దిగి, అందరూ నిద్రలో ఉండగా వెనక్కి నడిచి వస్తుంది. దారంతా అమ్మ కొడుతుందా, నాన్న తిడతాడా అనుకుంటూ వస్తుంది. పెద్ద పెద్ద గ్రాంథికం మాటల మధ్య ఒక పిల్ల భయం తేటగా కనిపించేది. చివరి పేజీ తలనూనెని వదిలిన రోజున ఆయన పౌడరు జల్లకుండానే తుమ్మాడు.

ఇక మిగిలింది చివరి పేజీ అడుగున ఒక్క పట్టీ. ఆఖరి రెండు వాక్యాల మీదుగా ఉంది. మిగతావన్నీ బాగా వచ్చాయి గనుక ఇదీ వస్తుందని ధీమా. ఆవిడకి కార్డు రాసి పడేశాడు, ఫలానా రోజున పొద్దున్న పాసింజరుకి రమ్మని. ఆ రోజున స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

అట్లకాడ వేడిచేసి, మణికట్టు మీద చూసుకుని, పట్టీ కొసన దూర్చాడు. కొస లేచింది. ఇంకాస్త జరిపాడు. లేచింది. నేను పేజీ పట్టుకుని ఉన్నాను. పట్టీ పూర్తిగా ఆయన చేతిలోకి వచ్చేసింది. కింద కాగితం తెల్లగా, నూగునూగుగా ఉంది. అక్షరాలు లేవు. అక్షరాలతో సహా కాగితం పై పొర పట్టీకే అతుక్కుని వచ్చేసింది.

"ఓలమ్మా" అన్నాడు. అంతే. అరచేతిలో ఆ పట్టీ పెట్టుకుని పీట మీద కూర్చుండిపోయాడు.

"జిగురు రాసి మళ్ళీ అంటించేద్దామండీ" అన్నాను.

"మళ్ళీ నా సేత్తోనా?" అన్నాడు.

"పోనీ ఆ రెండు వాక్యాలూ సిరాతో రాసేద్దాం. మీకు కంఠతా వచ్చు గదా."

"అచ్చులో సూసుకోడానికొస్తన్నాది ఆ మనిసి. నా సేతిరాత సూపించీదా?"

అప్పటికే ఆవిడ గుమ్మంలో ఉంది. ఈసారి గుమ్మం తడుముకుంటూ లోపలికి వచ్చింది. ఆయన లేచి నిలబడి, దాచకుండా చెప్పేశాడు. "అప్పా, అంతా బాగానే వచ్చినాది. ఆఖరి మాటలు ఊడొచ్చీసినాయి. నానే అంటించినాను, నానే పీకీసినాను."

"ఎక్కడున్నాయవి?"

"నా సేతిలో ఉన్నాయి."

"సేతిలో ఉంటే పోనట్టెలగవుతాది?" అంది ఆవిడ. "ఉన్న సోట ఎట్టు. నాను సదువుకుంతాను."

కిటికీ దగ్గర బల్ల మీద, ఎండ బాగా పడే చోట సంపుటం పెట్టాం. పేజీ జారకుండా నేను పట్టుకున్నాను. ముందు చివరి పేజీ తీసి, ఆయన ఆ పట్టీని తెచ్చి, ఊడిన చోట సరిగ్గా పేర్చి, రెండు కొసలూ రెండు చేతుల వేళ్ళతో అదిమి పట్టుకున్నాడు. ఎర్రటి పట్టీలోంచి అక్షరాలు స్పష్టంగా కనబడ్డాయి. ఏళ్ళ తరబడి దేన్ని వదిలించడానికి ప్రాణం పెట్టాడో దాన్నే పట్టుకుని నిలబడ్డాడు.

అది చూసుకుని మొదటి పేజీకి తిప్పాం. ఆవిడ భూతద్దం పెట్టి, కన్ను పేజీకి ఆనించినంత దగ్గరగా వంగి, నాలుగేసి అక్షరాలు కనబడే ఆ చిన్న మేరలోంచి తన కథ మొదటి పేజీ నుంచి చదువుకుంది. పెదవులు కదుపుతూ, మధ్యలో ఒకచోట "ఓసి గుంటా" అని తనని తానే ముద్దుగా తిట్టుకుంటూ చదివింది. మధ్యాహ్నం దాటింది. చివరి పేజీకి వచ్చేసరికి ఆయన పట్టీని మళ్ళీ పేర్చి పట్టుకున్నాడు. ఆ పట్టీ కింది మాటలు నేనూ ఆవిడ భుజం మీదుగా చదివాను.

"తల్లి పెరటిలో తడిచీర పిండుచుండెను. కూతును జూచి యేమియు నడుగక, రా, ఆ కొస పట్టుకొనుము, అనెను."

ఆవిడ తల ఎత్తింది. "ఎందుకొచ్చినావని అడగనేదు సూడు" అంది. "ఆ వయసులో నాకెలగ తెలిసినాదో." భూతద్దం మళ్ళీ అందుకుని, "తమ్ముడా, ఇంకోపాలి మొదట్నించీ సదువుకుంతాను. నీ సేతులు నొప్పెడతాయేటి?"

"నొప్పెట్టవప్పా" అన్నాడు. నేను పట్టుకుంటానన్నాను. వినలేదు.

ఆ పట్టీని ఆయన మళ్ళీ అంటించలేదు. పల్చటి కాగితంలో మడిచి ఆ పేజీలోనే పెట్టాడు. సంపుటం అట్టకి దారంతో ఒక చీటీ కట్టాడు. జిగురుతో అంటించడానికి ఒప్పుకోలేదు మరి. ఆ చీటీ మీద గుండ్రటి అక్షరాలతో రాశాడు: "బండి దిగిన పిల్ల కథ చదువదలచినవారు తోడుగా ఒకరిని తెచ్చుకొనవలెను." కమిటీవాళ్ళు చూసి ఇదేం రూలండీ అని నవ్వారు. నవ్వినా, ఆ కథ అడిగినవాళ్ళు నిజంగానే ఇద్దరిద్దరుగా వచ్చేవారు. ఒక్కరే వస్తే నేనో ఆయనో వెళ్ళి ఆ కొసలు పట్టుకునేవాళ్ళం.

వానలు వెనకబట్టాక ఆవిడ ఇంకోసారి వచ్చింది. ఈసారి తమ్ముడి కొడుకు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. రెండో కన్ను కూడా పోయింది. తేగల కాలం కాదని, సంచిలో వేరుశెనక్కాయలు తెచ్చింది. "కన్ను పోనాదని బెంగ నేదు తమ్ముడా, సూసుకున్నాను గద" అంది. "ఇయాల నువ్వు సదువు. నాను ఇంతాను."

ఆయన సంపుటం తెచ్చాడు. లావుపాటి సంపుటం. రెండు చేతులతో అదిమి పట్టుకోకపోతే మూసుకుపోతుంది. కథ అంతా అలాగే చదివి, చివరి పేజీకి వచ్చి ఆగాడు. పట్టీ పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆ రెండు వాక్యాలూ ఆయనకి కంఠతా వచ్చు, పట్టీ లేకుండానే చెప్పేయొచ్చు. అలా చెప్పడం ఆయన వల్ల కాలేదు. నేను లేచాను.

"నువ్వు కూకో అమ్మా" అంది ఆవిడ. "ఎక్కడ పట్టుకోవాలో సూపించండి. నానే పట్టుకుంతాను."

నేను పట్టీని పేర్చి, ఆవిడ వేళ్ళు రెండూ తీసుకుని రెండు కొసల మీదా పెట్టాను. ఆవిడ గట్టిగా అదిమింది. ఆయన మళ్ళీ అందుకున్నాడు. తల్లి తడిచీర పిండుతోంది, కూతుర్ని చూసింది, ఏమీ అడగలేదు. "రా, ఆ కొస..." దగ్గర ఆయన ఆగిపోయాడు. సంపుటం అంచు పట్టుకున్న ఆయన బొటనవేలూ చూపుడువేలూ కదలకుండా ఉన్నాయి. నేను వాటిని అంత నిశ్చలంగా ఎప్పుడూ చూడలేదు.

పట్టీ జారిపోయిందేమో, అందుకే ఆగాడేమో అనుకుంది ఆవిడ. వేళ్ళు ఇంకాస్త గట్టిగా అదిమింది.

"పట్టుకునే ఉన్నాను తమ్ముడా" అంది. "సదువు."